వరద తగ్గాక ఇంట్లో మిగిలే నల్ల బురదలో టైరు పొడి కూడా ఉంటుందా?

సింగ్‌నగర్ వాసి:
2024 సెప్టెంబర్లో విజయవాడలో బుడమేరు వాగుకి గండి పడి మా ఏరియా అంతా మునిగింది కదా, నీళ్ళు లాగేశాక ఇంట్లో మిగిలిన బురద కృష్ణ ఒండ్రులా లేదు, నల్లగా జిడ్డుగా ఉంది, గోడల మీద మరక ఎంత కడిగినా పోలా. మైక్రోప్లాస్టిక్ అంటే కవర్లు, సీసాలు చిన్న ముక్కలవ్వడమే అనుకున్నా, రోడ్డు మీద అరిగిన టైరు పొడి కూడా అదే అంటున్నారు. నిజమేనా? అయితే అదంతా ఎక్కడికి పోతుంది? మళ్ళీ వానలొస్తున్నాయి, పిల్లలున్న ఇల్లు, భయంగా ఉంది.

కెమిస్ట్రీ చదివినోడు:
నిజమే బ్రో. టైరులో సహజ రబ్బరుతో పాటు పెట్రోలియం నుంచి తీసే సింథటిక్ రబ్బరు కూడా ఉంటుంది, 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలన్నీ మైక్రోప్లాస్టిక్ లెక్కలోకే వస్తాయి, రోడ్డు మీద తెల్ల గీతల పెయింటు రాలినా అంతే. అలాగని నల్లగా ఉన్నదంతా టైరే అనుకోవద్దు, గాలాడని మురుగు కుళ్ళినా నలుపే. టైరు పొడికి రోడ్డు ఇసుక అంటుకుని నీటికంటే బరువెక్కుతుంది, అందుకే నీళ్ళు నిలిచిన చోటల్లా అడుక్కి దిగుతుంది, అంటే పల్లంలో ఉన్న మన ఇళ్ళే. మిగతాది బుడమేరుతో కొల్లేరుకి, అక్కణ్ణుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. అమెరికాలో సియాటిల్ వైపు వాన పడగానే వాగుల్లో కోహో సాల్మన్ చేపలు చచ్చిపోతుంటే ఏళ్ళ తరబడి వెతికి 2020లో కారణం పట్టుకున్నారు, టైరు పగుళ్ళివ్వకుండా కలిపే 6పీపీడీ అనే మందు గాల్లో ఓజోన్‌తో కలిసి విషంగా మారుతోంది. అదే నీళ్ళలో చమ్ సాల్మన్‌కి ఏమీ కాలేదు, అన్ని చేపలకీ ఒకేలా ఉండదు. కానీ కొల్లేరు చేప మీద బతికే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి, మన దగ్గర కూడా పరీక్షించి తీరాలి.

ఆటోనగర్ మెకానిక్:
మా పక్క షెడ్డులో టైర్లు రీట్రేడింగ్ చేస్తారు అన్నా, అంటే అరిగిన టైరుకి కొత్త రబ్బరు పట్టీ వేస్తారు, పాత గుండు టైరుని మిషన్ మీద గీకితే రబ్బరు పొట్టు కుప్పలు పడుద్ది. బస్తాల్లోకి ఎత్తితే కొనేవాళ్ళున్నారు, ఎత్తకపోతే మొదటి వానకే సైడు కాలవలోకి. లోడు ఎక్కువైనా, గాలి తక్కువున్నా, ఎలైన్‌మెంట్ పోయినా టైరు తొందరగా అరుగుద్ది. బెంజి సర్కిల్ దగ్గర బండ్లు ఆగుతా కదుల్తా ఉంటాయి చూడండి, అరుగుడు అక్కడే ఎక్కువ. వారానికోసారి గాలి చూపించుకోమని వచ్చిన ప్రతి డ్రైవర్‌కీ చెప్తా.

గుంటూరు అమ్మాయి:
అసలు సమస్య పూడిక అండి. టైరు పొడి బరువుగా ఉండి నీళ్ళ అడుక్కి దిగుతుందన్నారు కదా, కాలవలోనూ అంతే, అంటే పూడిక తీసినప్పుడు అందులో చాలావరకు మన చేతికొచ్చినట్టే. కానీ ఇక్కడ తీసిన పూడిక కాలవ గట్టునే పోసి ఎండాక ఎత్తుతాం అని వెళ్ళిపోతారు, ఈలోపు వాన పడి మళ్ళీ అదే కాలవలోకి, కొంత దుమ్మై ఇళ్ళల్లోకి. ఎన్నిసార్లు చెప్పినా వినట్లేదు, ఒళ్ళు మండిపోతుంది. మీ వీధిలో అందరూ కలిసి అడగండి, వానలకి ముందే తియ్యాలి, తీసిన వెంటనే ట్రాక్టర్లో ఎత్తెయ్యాలి అని.

సింగ్‌నగర్ వాసి:
థాంక్స్ అండి అందరికీ. మా వీధి చివర ఇప్పుడూ కుప్ప ఉంది, రేపు ఫొటోలు తీసి వార్డు సచివాలయంలో ఇస్తా. మళ్ళీ ఇంట్లోకి బురద వస్తే ఎండాక ఊడవచ్చా?

కెమిస్ట్రీ చదివినోడు:
వద్దు, ఎండితే లేచి ముక్కులోకి పోతుంది. తడిగా ఉన్నప్పుడే పారతో బస్తాల్లోకి ఎత్తు, గ్లౌజులు, మాస్కు పెట్టుకో, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. పైపుతో కొట్టి కాలవలోకి మాత్రం తొయ్యొద్దు.