అప్‌డేట్: అనాసపండు పిజ్జా ఈసారి కుదిరింది

పోయిన వారం అడిగాను కదా, ఒవెన్ లేకుండా పెనం మీద చేసిన అనాసపండు పిజ్జా అడుగు మాడిపోయి, పైన నీళ్లు కారుతోందని. మీరు చెప్పినట్టే నిన్న మళ్లీ చేశాను.

ముక్కలు సన్నగా తరిగి, నూనె వేయకుండా పెనం మీద అయిదు నిమిషాలు వేయించాను. మొదట రసం బుడబుడలాడింది. అది ఇగిరాక అంచులు బంగారు రంగుకు తిరిగాయి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వేడి చేయని అనాసలోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాల ప్రొటీన్లను విడగొడుతుంది, బాగా వేడెక్కితే దాని పని ఆగిపోతుంది. పోయినసారి చీజ్ కాస్త చేదనిపించింది అందుకే అయ్యుంటుంది.

బేస్ ఒకవైపు కాల్చి తిరగేసి, కాలిన వైపు సాస్ పల్చగా రాసి మొజరెల్లా, పండు, క్యాప్సికం, పచ్చిమిర్చి చీలికలు వేశాను. సన్నని సెగ మీద మూతపెట్టి ఆరు నిమిషాలు. మూతకు గుడ్డ చుట్టి కొసలు పైకి ముడేయమన్న సలహా చాలా బాగా పనిచేసింది, పిజ్జా మీద ఒక్క చుక్క పడలేదు.

మా పాప ముక్క ఎత్తితే చీజ్ తీగలా సాగింది. "పిజ్జా మీద పండేంటమ్మా" అన్న మా అత్తయ్యగారు రెండో ముక్క అడిగి మరీ వేయించుకున్నారు. ఓపిగ్గా చెప్పిన అందరికీ థ్యాంక్స్ అండీ!