మెనోపాజ్ గురించి రాసేటప్పుడు ‘ఆడవాళ్ళు’ అనే మాట తీసేయాలా?

నీలిగొడుగు:
మెనోపాజ్ మీద చిన్న కరపత్రం రాస్తున్నాం. ‘ఆడవాళ్ళకు సాధారణంగా 45–55 ఏళ్ళ మధ్య ముట్లు ఆగిపోతాయి’ అని నేను రాస్తే, నాతో పాటు రాసేవారు అది కొట్టేసి ‘అండాశయాలు ఉన్నవారికి’ అని పెట్టారు. ట్రాన్స్ మగవాళ్ళకీ (పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా, మగవాళ్ళుగా బతికేవాళ్ళకీ) ఇది వస్తుంది కదా అంటారు. మీరేమంటారు?

ఉక్కపోత:
అండాశయాలు ఉన్నవారా! ఇన్నేళ్ళూ మెనోపాజ్ అన్న మాట పైకి అనడానికే సిగ్గుపడ్డాం, రాత్రి మూడింటికి ఒళ్ళంతా చెమటలు పట్టి లేచి కూర్చున్నా ఎవరితోనూ చెప్పుకోలేదు, ఇప్పుడిప్పుడే నోరు విప్పుతుంటే మా పేరే తీసేస్తారా? పైగా అండాశయం అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఆ కాగితం తమ కోసమేనని ఎలా అనుకుంటారు?

పెన్నుమూత:
నేను ట్రాన్స్ మగాణ్ణి. ‘ఆడవాళ్ళు’ అని ఉంటే చదవబుద్ధి కాదు, నిజమే, కానీ నాకు అసలు చిక్కు అక్కడ లేదు. వరసగా 12 నెలలు ముట్లు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు అని అందరూ రాస్తారు. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) వాడుతుంటే నాలాంటి చాలామందికి నెలసరి ముందే ఆగిపోతుంది, ఇక ఏం లెక్కపెట్టాలి? మాట మార్చి ఆ లెక్క అలాగే ఉంచితే నాకు ఒరిగేదేమీ లేదు.

నీలిగొడుగు:
ఇది నాకు తట్టనే లేదు. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీసేసినవాళ్ళకీ ఇదే చిక్కు కదా.

తెల్లకాగితం:
తెలుగులో ఇంత తగువు అక్కర్లేదు. ముట్లుడగడం, రుతువిరతి, ఏ మాటలోనూ ఆడా మగా లేదు. (‘మెనోపాజ్’లో ‘మెన్’ కూడా మగవాళ్ళు కాదు లెండి, గ్రీకులో నెల.) మొదటి వాక్యంలో ‘ఆడవాళ్ళకు, ట్రాన్స్ మగవాళ్ళకు’ అని రాసి, అక్కణ్ణుంచి ‘మీకు’ అంటూ పోండి. ‘మీకు వేడి ఆవిర్లు వస్తున్నాయా’ అంటే ఎవరికి వస్తే వాళ్ళు చదువుకుంటారు.

ఉక్కపోత:
సరే, ఆడవాళ్ళ పేరు ముందుంటే నాకు పేచీ లేదు. ఆ ‘అండాశయాలు ఉన్నవారు’ మాత్రం తీసేయండి. నాకు 34 ఏళ్ళప్పుడు ఆపరేషన్‌లో రెండూ తీసేశారు, మర్నాటికే మెనోపాజ్. అందరినీ కలుపుకోవాలని పెట్టిన మాటలో నేనే లేను.