వెయిన్‌స్టోన్స్ దగ్గర కారు ఎక్కడ ఆపాలి?

ప్రశ్న (అమలాపురం)

ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోలో చదువుతున్న మా అబ్బాయి దగ్గరికి ఆగస్టు రెండో వారంలో వెళ్తున్నాము. నార్త్ యార్క్ మూర్స్‌లో హేస్టీ బ్యాంక్ కొండ మీద ఉన్న వెయిన్‌స్టోన్స్ అనే ఇసుకరాతి బండలను వాడూ వాడి స్నేహితులూ తాళ్లతో ఎక్కుతుంటారు. ఈసారి మమ్మల్నీ రమ్మంటున్నాడు. ఏటిగట్టును మించిన ఎత్తు ఎరుగని కోనసీమవాళ్లం కనుక ఎక్కడం వాళ్లకే వదిలేశాము. రెండు అద్దె కార్లు ఎక్కడ ఆపాలి, ఎవరి అనుమతైనా తీసుకోవాలా అన్నది దయచేసి తెలుపగలరు.

జవాబు (పాలకొల్లు, ప్రస్తుతం మిడిల్స్‌బ్రో)

అనుమతి అక్కర్లేదండీ. 2000 సంవత్సరపు చట్టం ప్రకారం, ప్రవేశభూమిగా పటంలో గుర్తించిన మూర్ల (చెట్లు అంతగా లేని కొండ బయళ్ల) మీద ఎవరైనా కాలినడకన తిరగవచ్చు, బండలు ఎక్కవచ్చు. అయితే ఆ హక్కు కాళ్లకే గాని చక్రాలకు లేదు. రోడ్డు దిగి మూర్ మీదికి కారు నడపడం 1988 నాటి రోడ్డు రవాణా చట్టం కింద నేరం; ఆపుకోవడానికి 15 గజాల లోపు దిగితే నేరం కాకపోయినా, నేల యజమాని తీయమంటే తీయవలసిందే.

స్టోక్స్‌లీ నుంచి హెల్మ్‌స్లీ పోయే బి1257 రోడ్డు మీద క్లే బ్యాంక్ కారు పార్కు ఉంది. అక్కడ ఆపి, రోడ్డు వెంట కాస్త ఎగువకు నడిస్తే క్లీవ్‌లాండ్ వే బాట తగులుతుంది. పడమరగా ఎక్కితే కొండ అవతలి అంచున బండలు కనిపిస్తాయి. మొదట్లోనే రాతిమెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లు ఉంటే తొందరపడవద్దు.

జవాబు (భీమవరం)

నేను అక్కడ కొంతకాలం ఉన్నాను కనుక ఒక మాట చేరుస్తాను. పార్కు నిండిందని పొలం గేటు ముందు మాత్రం కారు పెట్టకండి. కోతల రోజుల్లో మన పుంత మొగలో ఎవరో కారు పెట్టిపోతే ట్రాక్టరు ఆగినట్టే అక్కడి రైతుకీ ఉంటుంది, ఆ కోపం తర్వాత వచ్చే క్లైంబర్లందరి మీదా పడుతుంది.

వాన కురిస్తే ఎక్కడం మానుకోమని అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఇసుకరాయి నీరు పీలుస్తుంది, రేణువులను పట్టి ఉంచే బంధం మెత్తబడుతుంది. పైన ఆరినట్టు కనిపించినా వేలికొనలు ఆనించే సన్నని అంచు విరిగి చేతికి వస్తుంది. అది మళ్లీ మొలవదు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆగస్టులో అక్కడ పక్షుల వేట మొదలవుతుందని విన్నాము. దారి మూసేస్తారా?

జవాబు (పాలకొల్లు, ప్రస్తుతం మిడిల్స్‌బ్రో)

గ్రౌస్ వేట ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10 దాకా సాగుతుంది. భూయజమానులు ప్రవేశభూమిని ఏడాదికి 28 రోజుల వరకు మూసే వీలుంది, కాని క్లీవ్‌లాండ్ వే వంటి ప్రజాబాటలకు అది వర్తించదు. బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ వెబ్‌సైటులో ప్రతి బండకూ ప్రవేశ వివరాలు ఉంటాయి. బయలుదేరే ముందురోజు అబ్బాయిని చూడమనండి. క్లే బ్యాంక్ నిండితే పడమటి వైపున లార్డ్‌స్టోన్స్ దగ్గర ఆపవచ్చు, కాకపోతే మధ్యలో క్రింగిల్ మూర్, కోల్డ్ మూర్ రెండూ ఎక్కి దిగాలి కనుక ఉదయాన్నే బయలుదేరండి.