పక్కింట్లో పనిచేస్తున్న పాపను బడికి చేర్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మా పక్కింటివాళ్ళు పనికి ఒక పాపను పెట్టుకున్నారు. పదకొండేళ్ళకు మించి ఉండవు. సింక్ అందక పీట మీద నిలబడి గిన్నెలు తోముతుంది. ఆ ఇంటి పిల్లాడు హోంవర్క్ చేసుకుంటుంటే, తడి చేతులు గౌనుకు తుడుచుకుని పుస్తకంలోకి తొంగి చూస్తుంది. "మా అమ్మాయిలాగే చూసుకుంటున్నాం" అంటారు వాళ్ళు. మరి సొంత బిడ్డనైతే బడి మాన్పిస్తారా? ఈ పాపను గేటు కూడా దాటనివ్వరు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం, పనిలో చేరే కనీస వయసు 15 ఏళ్ళని చెబుతోంది. కొన్ని దేశాలకు మొదట్లో 14 దాకా సడలింపు ఉంది. ఈ పాపకు ఆ 14 కూడా నిండలేదు. అదే సంస్థ 1999లో చేసిన 190వ సిఫార్సైతే, ఎక్కువ గంటలు చేయించే పనినీ, యజమాని ఇల్లు కదలనివ్వని పనినీ ప్రమాదకరమైన పనుల జాబితా వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోమంది.

నా టెన్షన్ ఒక్కటే. ఫిర్యాదు చేస్తే రాత్రికి రాత్రే పాపను ఇంకో ఇంటికి మార్చేస్తారేమో! ఇళ్ళలో పనిచేసే పిల్లలు అసలే ఎవరి కంటా పడరు. తల్లిదండ్రులు అప్పు తీసుకుని పంపి ఉంటే, ఆ భారం మళ్ళీ తన మీదే పడుతుంది.

ఇలాంటి పిల్లలను బయటికి తెచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి. ముందు కన్నవాళ్ళతో మాట్లాడాలా, నేరుగా అధికారుల దగ్గరికే వెళ్ళాలా? చదువు ఆగిపోయిన పిల్లను వయసుకు తగ్గ క్లాసులో కూర్చోబెడితే తట్టుకుంటుందా, ముందు విడిగా చదివించాలా? మళ్ళీ పనికి పంపకుండా ఆ కుటుంబానికి ఏ సాయం అందేలా చూశారు?