కమ్యూనిజాన్ని ఆపడానికి పరాయి గడ్డ మీద సైన్యాన్ని దించడం న్యాయమేనా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

పెద్దలందరికీ నమస్కారం. నేను గ్రూప్‌-1 మెయిన్స్‌కు చదువుతున్నాను. మొన్న ఆదివారం ఇక్కడి గ్రంథాలయం వరండాలో నలుగురం మిత్రులం కూర్చుని ప్రచ్ఛన్న యుద్ధం పాఠం తిరగేస్తుండగా మొదలైన వాదన, వాచ్‌మన్ వచ్చి తాళం వేసుకోవాలని చెప్పేదాకా తెగలేదు. కమ్యూనిజం వ్యాపించకుండా అమెరికా చేసిన సైనిక జోక్యం సమర్థనీయమేనని మా మిత్రుడి వాదన. ఉత్తర కొరియానూ దక్షిణ కొరియానూ పక్కపక్కన పెట్టి చూడమని, 1950లో ఎవరూ అడ్డుపడకపోయి ఉంటే ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోను చేసే దేశమే ఉండేది కాదని అంటాడు. నేను వియత్నాం చూపించాను. 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు, లక్షల సంఖ్యలో వియత్నాం ప్రజలు చనిపోయిన తరువాత కూడా 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికే వెళ్లింది కదా అన్నాను.

ఇంటికి వచ్చాక నా వాదనలోనే లోపం ఉందనిపించింది. ఫలితాన్ని చూసి న్యాయాన్యాయాలు తేల్చడమంటే గెలిచినవాడిదే న్యాయమని ఒప్పుకోవడమే అవుతుంది. ఒకే విధానం ఒక దేశంలో ధర్మమై, మరొక దేశంలో అధర్మం ఎలా అవుతుంది? దీన్ని తూచడానికి ఫలితం కాకుండా వేరే తూనికరాయి ఏదైనా ఉందా? దయచేసి పార్టీల గొడవల్లోకి వెళ్లకుండా వివరించగలరు.

పాత పలక (కడప):

బాబూ, ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాడిని కనుక కాస్త నిడివిగా రాస్తాను, ఓపిక పట్టాలి. నా దృష్టిలో అసలు తేడా కొరియాకూ వియత్నాంకూ మధ్య కాదు, కొరియా యుద్ధంలోనే ఉంది.

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశ రేఖ దాటి దక్షిణానికి వచ్చాయి. చైనా సీటును మావో ప్రభుత్వానికి ఇవ్వలేదని అలిగి అప్పటికే సోవియట్ యూనియన్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి రావడం మానేసింది కనుక, దక్షిణ కొరియాకు సాయపడే తీర్మానాలు వీటో లేకుండా నెగ్గాయి. మొదటి రెండు తీర్మానాలను భారతదేశమూ సమర్థించింది. సైన్యాన్ని పంపలేదు గానీ 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. ఇంతవరకు నాకు ఆక్షేపణ లేదు. ఒకడు గట్టు దాటి పక్కవాడి పొలంలోకి వచ్చాడు, ఊరివాళ్లు కలిసి వెనక్కి నెట్టారు.

సెప్టెంబరులో అమెరికా దక్షిణ కొరియా రేవు ఇంచాన్ వద్ద సేనలను దించిన తరువాత ఉత్తర కొరియా సైన్యం చెదిరిపోయింది. పోరు మళ్లీ గట్టు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగాలా, దాటాలా అన్నదే అసలు ప్రశ్న. అమెరికా సేనలు రేఖ దాటితే చైనా ఊరుకోదని అక్టోబరు 3న చైనా ప్రధాని చౌ ఎన్‌లై అర్ధరాత్రి పిలిపించి చెప్పింది చైనాలోని మన రాయబారి పణిక్కర్‌కే. ఆ మాట ఢిల్లీ మీదుగా వాషింగ్టన్ చేరింది. పణిక్కర్ చైనా వైపు మొగ్గినవాడన్న అనుమానంతో దాన్ని బెదిరింపు కింద కొట్టిపారేశారు. సేనలు రేఖ దాటాయి, చైనా దిగింది, ఆపైన రెండున్నరేళ్లకు పైగా రక్తపాతం సాగి 1953 జూలై 27న యుద్ధ విరమణ కుదిరేసరికి సరిహద్దు దాదాపు మొదట ఉన్నచోటే ఉంది. దాడిని వెనక్కి నెట్టడం వరకు న్యాయం. ఎదుటివాడి రాజ్యాన్ని మార్చడానికి పూనుకున్న క్షణం నుంచి ఆ న్యాయం చెల్లదు.

వియత్నాంలో ఆ న్యాయమైన మొదటి సగం కూడా లేదు. ఫ్రెంచివారితో పోరు ముగించిన 1954 జెనీవా ఒప్పందం 17వ అక్షాంశ రేఖను తాత్కాలికమైన గీతగానే చెప్పింది. 1956 జూలైలో దేశమంతటా ఎన్నికలు జరగాలి. దక్షిణాన పాలకుడు డియెమ్ ఒప్పుకోలేదు, అమెరికా అతనికి అండగా నిలిచింది. ఆ పోరు సాగుతున్న కాలంలో ఎన్నికలు జరిగి ఉంటే బహుశా నూటికి 80 మంది ఉత్తరాది కమ్యూనిస్టు నాయకుడు హో చి మిన్‌కే ఓటు వేసేవారని అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ స్వయంగా తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఆ ఒప్పందం అమలును చూడవలసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్ష స్థానం మనదే. కెనడా, పోలెండ్ సభ్యులు. చూస్తూ ఉండడం తప్ప మనవాళ్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది.

గుత్తి కోట (అనంతపురం):

మాస్టారూ, మీ గట్టు ఉపమానం బాగుంది గానీ అంత తేలికగా ఒప్పుకోలేను. సోవియట్ ప్రతినిధి ఆ రోజుల్లో సభకు వచ్చి ఉంటే వీటో పడేది, అప్పుడు అదే దాడి, అదే గట్టు, జోక్యం మాత్రం చట్టవిరుద్ధమయ్యేది. ఒక మనిషి గైర్హాజరు మీద ఆధారపడిన న్యాయం ఏమి న్యాయం? పైగా 1950 నాటి దక్షిణ కొరియాలో కాపాడవలసిన ప్రజాస్వామ్యం ఏమీ లేదు. అప్పటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ పాలన తరువాత సైనిక పాలన, 1987 దాకా అక్కడివాళ్లకు అధ్యక్షుణ్ణి నేరుగా, స్వేచ్ఛగా ఎన్నుకునే హక్కు కుదుటపడలేదు.

అయినా నేను కర్నూలు తమ్ముడి మిత్రుడి వైపే కొంత మొగ్గుతాను. కారణం యుద్ధ ఖైదీలు. విరమణ తరువాత, స్వదేశానికి పోమన్న ఖైదీలు ఇరవై రెండు వేల మందికి పైగా మన సైనికుల కాపలాలోకి వచ్చారు. ఆ ఖైదీల సంగతి చూసే కమిషన్‌కు అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. భారత సైనికులను తన నేల మీద కాలు పెట్టనివ్వనని రీ భీష్మించుకుంటే, ఓడల నుంచి హెలికాప్టర్లలో నేరుగా రెండు కొరియాల మధ్యనున్న నిస్సైనిక ప్రాంతానికి చేర్చవలసి వచ్చింది. ఆ ఖైదీలలో 14 వేలకు పైగా చైనా సైనికులు మావో చైనాకు కాక తైవాన్‌కు వెళ్లారు. శిబిరాల్లో బెదిరింపులు, బలవంతాలు జరిగిన మాట నిజమే, ఆ లెక్కను తీసేసినా మిగిలేది చిన్న సంఖ్య కాదు. ఆ మనుషుల కోరికను సరిహద్దు సూత్రం ఎక్కడ తూస్తుంది?

మరొక మాట. జోక్యం అంటే అమెరికా పేరే ఎందుకు వస్తుంది? 1956లో హంగరీ రాజధాని బుడాపెస్ట్, 1968లో చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్, 1979 డిసెంబరులో కాబూల్‌కు వెళ్లిన ట్యాంకులు సోవియట్‌వి కావా? హంగరీ విషయంలో మన ప్రభుత్వం మొదట్లో నీళ్లు నమిలిన తీరు ఇప్పుడు చదివినా సిగ్గనిపిస్తుంది.

ఎర్రనేల (అనంతపురం):

నాకు అరవై దాటాయి. బడిలో మధ్యాహ్నం పెట్టే పచ్చని మొక్కజొన్న రవ్వ ఉప్మా తిని పెరిగిన తరం మాది. ఆ రవ్వ అమెరికా సాయం, సంచి మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది. ఖాళీ సంచి కోసం మేము పోట్లాడుకునేవాళ్లం, వర్షంలో తలమీద కప్పుకోవడానికి. ఆ ఉప్మా రుచి బాగుండేది, అబద్ధమెందుకు. పెద్దయ్యాక తెలిసింది, 1965, 66 కరువులో వియత్నాం మీద బాంబులు ఆపమని భారతదేశం అన్నందుకు కూడా చిర్రెత్తి, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడలను నెలనెలకూ బిగబట్టి వదిలారని. కమ్యూనిజాన్ని కట్టడి చేయడమంటే తుపాకీ ఒక్కటే కాదు.

అందరూ కొరియా, వియత్నాం అంటున్నారు, మన గుమ్మం దగ్గరి సంగతి ఎవరూ ఎత్తలేదు. 1952లో మా అనంతపురంలో కమ్యూనిస్టు అభ్యర్థి తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయింది ఎవరనుకున్నారు? ఆయన సొంత బావ, తరువాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులే గెలుస్తారని చాలామంది అనుకున్నారు. 196 స్థానాల్లో వారికి వచ్చినవి 15. ఓట్లు మాత్రం నూటికి ముప్పై దాకా వచ్చాయి. ప్రత్యర్థులంతా ఒక్కటై నిలబడ్డారు, దానికి తోడు అదే జనవరిలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూను మెచ్చుకుంటూ రాసిన సంపాదకీయాన్ని కాంగ్రెస్‌వాళ్లు ఊరూరా చాటారు. విదేశీ సైనికుడు ఒక్కడు కూడా రాకుండానే పని జరిగిపోయింది.

పాత పలక (కడప):

ఎర్రనేల గారూ, మంచి ఉదాహరణ. అయితే తుంగభద్ర అవతలి సంగతి కూడా చెప్పాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు విలీనం తరువాత మన సైన్యమే తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టులను వేటాడింది. అది విదేశీ సైన్యం కాదు, నిజమే. కానీ 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించుకుని ఎన్నికల్లోకి వచ్చిన ఆ మనుషుల్లోంచే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. స్వదేశీ సైన్యం మూడేళ్లు తిరిగినా జనం మనసు నుంచి తీసేయలేకపోయిన దాన్ని, భాష తెలియని సైన్యం తీసేస్తుందని సైగాన్‌లో ఎలా నమ్మారో!

గుత్తి కోట గారి ఖైదీల ప్రశ్నకు నా దగ్గర సూటి సమాధానం లేదు. సరిహద్దు సూత్రం వాళ్లను తూచలేదు, ఒప్పుకుంటున్నాను.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

అందరికీ ధన్యవాదాలు. పణిక్కర్ సంగతి మా మిత్రుడికి చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి ఒక ప్రశ్న వేశాడు. రేఖ దగ్గర ఆగిపోయి ఉంటే, దాడి చేసినవాడు రెండేళ్లకు బలం కూడగట్టుకుని మళ్లీ రాడని పూచీ ఎవరిస్తారు అని.

పాత పలక (కడప):

చివరికి మూడేళ్ల తరువాత ఆగింది ఆ రేఖ పక్కనే కదా బాబూ. అక్కడ ఆగాక డెబ్బై ఏళ్లకు పైగా గడిచింది, ఉత్తరాది సైన్యం మళ్లీ 1950లోలాగా దిగి రాలేదు. పూచీ ఇచ్చింది రేఖకు ఇవతల కదలకుండా కూర్చున్న సైన్యం. 1950 అక్టోబరు మొదటి వారంలో కూడా దాన్ని అక్కడే కూర్చోబెట్టవచ్చునని మీ మిత్రుడికి చెప్పు. కాదంటే ఎందుకు కాదో వచ్చే ఆదివారం రాయమను.