సైన్యంలో ఆజ్ఞ ఎవరి నుంచి ఎవరికి వెళ్తుంది?

ప్రశ్న:
అమెరికాలో జాయింట్ చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ ఛైర్మన్ సైనికాధికారులందరిలో పెద్ద హోదా గలవారైనా, ఒక్క పటాలాన్ని కూడా కదలమని ఆజ్ఞాపించే అధికారం ఆయనకు లేదని చదివాను. భారత త్రిదళాధిపతి (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) గురించి కూడా ఇలాంటి మాటే విన్నాను. హోదా ఒకరిది, ఆజ్ఞ మరొకరిది అయితే యుద్ధంలో గందరగోళం రాదా? తెలిసినవారు దయచేసి వివరించండి.

మొదటి సమాధానం:
గందరగోళం రాకూడదనే అలా చేశారు. 1986 నాటి గోల్డ్‌వాటర్-నికల్స్ చట్టం ప్రకారం ఆజ్ఞ అధ్యక్షుడి నుంచి రక్షణ మంత్రికి, అక్కడి నుంచి అన్ని దళాలనూ కలిపి నడిపే ఉమ్మడి కమాండర్లకు వెళ్తుంది. ఛైర్మన్‌ది సలహాదారు స్థానం. ఈ చట్టానికి దారితీసిన చేదు అనుభవాల్లో 1980 ఏప్రిల్ నాటిది ముఖ్యమైనది. ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లను విడిపించడానికి పదాతిదళ కమాండోలు, వైమానిక దళ రవాణా విమానాలు, ఎక్కువగా మెరైన్లు నడిపిన నౌకాదళ హెలికాప్టర్లు ఇరాన్ ఎడారిలో దిగాయి. వీరంతా ఒకచోట చేరి మొత్తం పథకాన్ని ఒక్కసారి కూడా సాధన చేయలేదు. పనిచేసే హెలికాప్టర్లు చాలక వెనుదిరుగుతుండగా, ఆ రాత్రి రేగిన దుమ్ములో ఒక హెలికాప్టర్ రవాణా విమానాన్ని ఢీకొని 8 మంది చనిపోయారు. ఒక ప్రాంతంలోని అన్ని దళాలకూ ఒక్కరే కమాండర్ ఉండాలన్న పట్టుదల ఇలాంటి మరణాల నుంచి వచ్చిందే.

రెండో సమాధానం:
పై వివరణ బాగుంది కానీ, అన్ని దేశాలనూ ఇదే కొలతతో చూడలేము. జర్మనీ రాజ్యాంగంలోని 65ఎ అధికరణం సేనలపై ఆజ్ఞాధికారాన్ని శాంతికాలంలో రక్షణ మంత్రికి ఇస్తుంది. దేశంపై దాడి జరిగి రక్షణ స్థితిని ప్రకటించగానే అది ఛాన్సలర్‌కు బదిలీ అవుతుంది. హిట్లర్‌కు ముందున్న వైమార్ గణతంత్ర కాలంలో అధ్యక్షుడి చేతిలో ఉన్న ఆ అధికారాన్ని ఇలా పార్లమెంటుకు జవాబుదారీ అయిన వారి చేతికి తెచ్చారు. చైనాలో సైన్యం కమ్యూనిస్టు పార్టీది. కేంద్ర సైనిక సంఘం అధిపతి చివరి మాట చెబుతారు. కింద కంపెనీ అనే చిన్న సైనిక దళం స్థాయిలో కూడా కమాండర్ పక్కన ఆయనతో సమాన హోదా గల, పార్టీ తరఫున పనిచేసే రాజకీయ బోధకుడు ఉంటాడు.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి భారత్ సంగతి?

మూడో సమాధానం:
సర్వసైన్యాధ్యక్షత రాష్ట్రపతిదే అయినా, నిర్ణయం మంత్రివర్గానిది. త్రిదళాధిపతికి దళాధిపతులపై సైనిక ఆజ్ఞాధికారం ఉండదని 2019 డిసెంబరులో ఆ పదవిని ఆమోదించినప్పుడే ప్రభుత్వం స్పష్టం చేసింది. నా దృష్టిలో అసలు చిక్కు పైన కాదు, కింద ఉండేది. 2001లో అండమాన్ నికోబార్‌లో మూడు దళాలకూ ఒకే కమాండ్ ఏర్పడింది కానీ, అక్కడి ఉమ్మడి కమాండర్‌కు ఇతర దళాలవారిపై క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం ఉండేది కాదు. మూడు దళాలకు మూడు వేర్వేరు చట్టాలు ఉన్నందున, తప్పు చేసినవారిని వారి సొంత దళానికి తిప్పి పంపవలసి వచ్చేది. ఆ అధికారాన్ని ఉమ్మడి సంస్థల అధిపతులకు ఇస్తూ 2023లో చట్టం చేశారు.