విదేశం నుంచి వచ్చిన జీపీఏ: 3 నెలలు దాటితే?

మా తమ్ముడు షిప్పుల్లో పనిచేసేవాడు. ప్రేమించి పెళ్లి చేసుకుని రోటర్‌డామ్‌లోనే ఉండిపోయాడు. హన్మకొండలో మా ఇద్దరి పేర్ల మీద 200 గజాల జాగా ఉంది, అమ్మాలి. వాడు రాలేక నా పేరున జీపీఏ (తన తరఫున అమ్మే అధికారం నాకిచ్చే పత్రం) రాసి, అక్కడి కోర్టులో అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించి కొరియర్ చేశాడు. ఫిబ్రవరి 10న అందింది. స్టాంపు డ్యూటీ 3 నెలల్లోపే కట్టాలట, నాకు తెలియదు (తప్పు నాదే). జూన్ మొదటి వారంలో రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే గడువు దాటిందని తిప్పి పంపారు. కొరియర్ కవరు దాచాను, అదీ చూపించాను, లాభం లేదు. డాక్యుమెంట్ రైటరేమో పెనాల్టీ కడితే చాలంటాడు, వకీలు సాబ్ కొత్తది తెప్పించుకోమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఇలా గడువు దాటిన జీపీఏను పెనాల్టీతో చెల్లుబాటు చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?